అంబాసిడర్ పెట్రోల్ ట్యాంకు: తుప్పు వదిలించి సీలర్ పోయడం ఎలా?

[తెర మీద: షెడ్డు ముందు తెల్ల అంబాసిడర్, బానెట్ ఎత్తి ఉంది. ఇంజన్ రెండుసార్లు దగ్గి ఆగిపోతుంది.]

విన్నారుగా. పొద్దున ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అయింది. రెండు కిలోమీటర్లు పోయాక ఇదీ వరస. పక్కకి ఆపి పది నిమిషాలాగి కొడితే మళ్లీ లేస్తుంది. ఇలాంటి బండికి ముందు కార్బురేటర్ విప్పి కడుగుతారు. వారం బాగుంటుంది, మళ్లీ మొదటికే.

జబ్బు కార్బురేటర్లో లేదు, ట్యాంకులో ఉంది. ఇంజన్ నడుస్తున్నంతసేపూ పంపు పెట్రోల్ లాగుతుంది. దాంతోపాటు తుప్పు పొట్టు వచ్చి లోపలి గొట్టం మూతికి అతుక్కుంటుంది. బండి ఆపితే పొట్టు కిందికి జారిపోతుంది, దారి తెరుచుకుంటుంది. అందుకే ఆగి కొడితే లేస్తుంది.

[క్లోజప్: దింపిన ట్యాంకు. ఫ్లోట్ యూనిట్ (పెట్రోల్ ఎంతుందో మీటరుకి చెప్పేది) తీసిన రంధ్రంలోంచి లోపలి పైకప్పు, పొరలు పొరలుగా ఎర్ర తుప్పు.]

తుప్పు ఎక్కడుందో చూడండి. అడుగున ఉన్నదానికంటే పైన ఎక్కువ. సగం ట్యాంకుతో బండిని నెలల తరబడి నిలబెడితే, ఖాళీగా ఉన్న పైభాగంలో గాలిలోని తేమ రాత్రిపూట చెమటలా పడుతుంది. ఆ నీరు కారి అడుక్కి చేరుతుంది. నీరు పెట్రోల్ కంటే బరువు కదా, అక్కడే కూర్చుని అతుకుల దగ్గర రేకు తినేస్తుంది. పైగా ఇప్పుడు బంకుల్లో పోస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఇథనాల్ నీటిని పట్టుకుంటుంది. నీరు హద్దు దాటితే రెండూ కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి అడుక్కి దిగుతాయి. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపార ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ ఆగింది 2014లో. అంటే ఆఖర్న వచ్చిన బండి కూడా పదేళ్లు దాటిందే.

పని మొదలెట్టే ముందు ఒక మాట. పెట్రోల్ తీసేశాం, ఇక భయం లేదనుకోకండి. నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకే ప్రమాదం. గాలిలో పెట్రోల్ ఆవిరి ఒకటిన్నర శాతం నుంచి ఏడున్నర శాతం మధ్య ఉంటే చాలు, చిన్న నిప్పురవ్వకే పేలుతుంది. ఆ ఆవిరి గాలికంటే బరువు, నేల మీద పాకుతూ పోతుంది. బ్యాటరీ వైరు ముందే తీసేయండి. ఆరుబయట చేయండి. గ్యాస్ వెల్డింగ్ జోలికి అస్సలు వెళ్లొద్దు.

[దృశ్యం: ట్యాంకులోకి గుప్పెడు పాత నట్లు, కాస్త సర్ఫు నీళ్లు. ఇద్దరు పట్టుకుని ఊపుతున్నారు.]

మొదట సర్ఫు నీళ్లతో జిడ్డు వదిలించాలి. జిడ్డుంటే ఏ మందూ తుప్పుని తాకదు. ఈ నట్లు లోపల గలగలలాడుతూ పొట్టు రాలుస్తాయి. పోసేటప్పుడే లెక్కపెట్టుకోండి, తీసేటప్పుడు ఒకటి తగ్గితే పొద్దంతా వెతుక్కోవాల్సిందే. దారం కట్టిన అయస్కాంతం పనికొస్తుంది.

తర్వాత నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ ఆసిడ్, కిరాణా కొట్లో దొరికేదే. లీటరు గోరువెచ్చటి నీటికి 50 నుంచి 100 గ్రాములు. ట్యాంకు మూతి దాకా నింపండి, ఎందుకంటే అసలు తుప్పు పైకప్పులో ఉంది. మూత బిగించొద్దు, లోపల గ్యాస్ పుడుతుంది. ఒక రాత్రి ఉంచి చూడండి. బాత్రూం కడిగే ఆసిడ్ పోస్తే త్వరగా అవుతుందంటారు. అవుతుంది, తుప్పుతోపాటు రేకూ పోతుంది. నేనైతే పోయను.

పారబోసే నీళ్ల సంగతి. పాత ట్యాంకుల రేకు మీద సీసం కలిసిన పూత ఉండేది, 2000 దాకా సీసం కలిపిన పెట్రోలూ దొరికేది. ఆ నీళ్లు బావి పక్కనో కాలువలోనో పోయకండి.

[క్లోజప్: ఇప్పుడే కడిగిన రేకు, బూడిదరంగు. కళ్లముందే లేత నారింజ మరకలు.]

చూశారా! కడిగిన కొద్ది నిమిషాలకే మళ్లీ తుప్పు. వంట సోడా నీళ్లతో పులుపు విరిచేసి, కడిగి, వెంటనే ఆరబెట్టాలి. వానాకాలంలో కాకినాడ, విశాఖ వైపు ఇదే పెద్ద తలనొప్పి. బ్లోయర్‌తో వెచ్చటి గాలి పెట్టండి, అయితే ట్యాంకులో పెట్రోల్ వాసన పూర్తిగా పోయిందని తేల్చుకున్నాకే.

ఇప్పుడు అతుకుల వెంట స్క్రూడ్రైవర్ మొనతో పొడిచి చూడండి. రేకు దిగబడితే ఆ ట్యాంకు సీలర్‌తో, అంటే లోపల పోస్తే పూతలా గట్టిపడే మందుతో, బాగయ్యేది కాదు. సూది మొనంత చిల్లులైతే రేడియేటర్ షాపులో టంకం పెట్టిస్తే సరిపోతుంది. మూడు నాలుగు చోట్ల దిగబడుతుంటే కొత్త ట్యాంకు కొట్టించుకోండి. చిల్లులే లేకపోతే? సీలర్ పోయకపోయినా నడుస్తుందని నా అభిప్రాయం. ఊడిన సీలర్ ముక్క తుప్పు పొట్టుకంటే మొండిగా గొట్టానికి అడ్డం పడుతుంది.

పోయాలనుకుంటే డబ్బా మీద ఇథనాల్ తట్టుకుంటుందని రాసి ఉండాలి. పాత రకాలు కొన్ని ఆల్కహాల్‌కి మెత్తబడి పొరలుగా లేచొస్తాయి.

[దృశ్యం: సీలర్ పోసి, ట్యాంకుని అన్ని వైపులకీ నెమ్మదిగా దొర్లిస్తున్నారు.]

రంధ్రాలన్నీ మూసి, ప్రతి మూలకీ తగిలేలా తిప్పండి. మిగిలినదంతా వంచేయండి, చుక్క కూడా మడుగు కట్టకూడదు. మడుగు పైన గట్టిపడుతుంది, లోపల పచ్చిగానే ఉంటుంది. పెట్రోల్ వెళ్లే గొట్టంలోకి గాలి ఊది దారి ఉంచండి. తర్వాత డబ్బా మీద ఎన్ని రోజులంటే అన్ని రోజులు ఆగాలి. వేలికి అంటడం లేదు కదా అని పెట్రోల్ పోసేస్తే అంతా ఊడొస్తుంది.

లీకు చూడ్డానికి సబ్బు నురగ రాసి, నోటితో ఊదినంత గాలి చాలు. టైర్ల కంప్రెసర్ పెడితే ట్యాంకు ఉబ్బిపోతుంది.

బిగించేటప్పుడు రబ్బరు గొట్టాలు కొత్తవి వేయండి. లోపలిది కనిపించే ప్లాస్టిక్ ఫిల్టరు పెట్టి, మొదటి ట్యాంకు అయ్యేదాకా రోజూ ఒకసారి చూడండి. ఫ్లోట్ యూనిట్ కూర్చునే చోట సీలర్ అంటి ఉంటే గీకేయండి. అక్కడ ఎర్త్ తగలకపోతే ఫుల్ ట్యాంకు కొట్టించినా మీటరు ముల్లు తప్పే చూపిస్తుంది.