మా అమ్మ రంగం నుంచి నడిచొచ్చిన దారి

సభకి నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లు ఇప్పుడే చదివారు కాబట్టి నేను మళ్ళీ చదవను, ఏమీ అనుకోకండి. గ్రంథాలయ వారోత్సవాలు కదా, "వలసలు, మన సాహిత్యం" మీద మాట్లాడమన్నారు. కాగితాలు రాసుకొనే వచ్చాను. కానీ ఇందాక బయట వరండాలో కుర్రాడు మంచినీళ్ళు అందిస్తుంటే ఓ ముసలమ్మగారు "వద్దు బాబూ, కాచిన నీళ్ళు తెచ్చుకున్నాను" అని సంచిలోంచి సీసా తీశారు. నేను ఆగలేక అడిగేశాను, "మీది బర్మాయా అమ్మా?" అని. తలూపారు. ఆవిడ ఇదిగో రెండో వరసలో ఉన్నారు. ఇక ఆ కాగితాలు నాతో కాదు, మా అమ్మ గురించి చెబుతాను.

మా అమ్మ చనిపోయేదాకా పచ్చినీళ్ళు గుక్కెడు తాగలేదు. విశాఖపట్నంలో మాకు కుళాయి వచ్చినప్పుడు వీధంతా పండగ, ఆవిడ మాత్రం ఆ నీళ్ళు కూడా పొయ్యి మీద పెట్టి, తెర్లి బుడగలొచ్చేదాకా పక్కనే నిలబడేది. రాగి చెంబు, అంచు ఒకచోట సొట్ట పడి ఉండేది, కింద మసి ఎంత తోమినా పోయేది కాదు. ఆ చెంబు రంగం నుంచి ఆవిడతో నడిచొచ్చింది.

రంగం అంటే రంగూన్, అప్పటి బర్మా రాజధాని. శ్రీకాకుళం, విశాఖ, గోదావరి ఊళ్ళలో అందరూ రంగం అనే అనేవారు. కాకినాడ, భీమిలి, కళింగపట్నం నుంచి ఓడలెక్కి వెళ్ళేవారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద మనవాళ్ళని అక్కడ కోరంగీలు అన్నారు. 1931 జనాభా లెక్కల ప్రకారం రంగూన్‌లో నాలుగు లక్షల మంది ఉంటే సగం పైన మన దేశం నుంచి వెళ్ళినవాళ్ళే. ఓడల్లోంచి బస్తాలు దించింది, ధాన్యం మిల్లుల్లో మోసింది, పాకీపని చేసింది కూడా మన తెలుగువాళ్ళే. వాళ్ళని 1930 మేలో రేవు దగ్గర అల్లర్లలో బర్మావాళ్ళు వీధుల్లో నరికారు. ఆ సంగతి విడిగా చెప్పాలి, ఇప్పుడు మొదలుపెడితే అమ్మ దగ్గరికి రాలేను.

1941 డిసెంబర్ 23. జపాన్ విమానాలు వచ్చాయి. బాంబులంటే ఏమిటో తెలియక జనం వీధుల్లోకి వచ్చి తలెత్తి చూస్తూ నిలబడ్డారట. అమ్మ కూడా చంటిపిల్లని ఎత్తుకొని గుమ్మంలో నిలబడి చూసింది. అప్పటికి ఆవిడకి ఇరవై రెండేళ్ళు. నాలుగేళ్ళ మా అన్నయ్య, ఏడాది నిండని మా అక్క. ఓడల్లో చోటు డబ్బున్నవాళ్ళకే దొరికింది. నాన్నకి మిల్లులో జీతం బాకీ ఉంది, "మీరు పదండి, వసూలు చేసుకొని వెనకే వస్తాను" అన్నాడు. సంక్రాంతి వెళ్ళాక మా చిన్నాన్నతో బయల్దేరింది.

ప్రోమ్ దాకా నూట అరవై మైళ్ళు, కొంత రైలు, కొంత నడక. అక్కడ ఐరావతి నది దాటి, అరకాన్ కొండల మీదుగా సముద్రం ఒడ్డున టౌంగప్ ఊరు. అది నూరు మైళ్ళ పైన. అక్కడ నీళ్ళు లేవు. ఉన్నచోట కలరా. వెదురు గొట్టాల్లో నీళ్ళు అమ్మేవారట, అమ్మ ముక్కుపుడక ఇచ్చి కొన్నది. మా అక్క ఆ కొండల్లోనే పోయింది.

ఆ సంగతి అమ్మ ఎప్పుడూ చెప్పలేదు, చిన్నాన్న చెప్పాడు. గుంట తవ్వడానికి ఏమీ లేక చేతుల్తో, ఆ చెంబు అంచుతో మట్టి తీశారట. సొట్ట అప్పుడు పడిందే. నేను ఎన్నోసార్లు అడిగాను, "అమ్మా, దారిలో ఏం జరిగింది?" అని. "ఏటుందిరా సెప్పడానికి, నడిసినాం, వచ్చినాం" అనేది. రాత్రి పడుకునే ముందు మాత్రం మా అందరి తలలూ ముట్టుకొని లెక్కపెట్టేది. నాకు పెళ్ళయ్యాక కూడా గుమ్మం దగ్గర నిలబడి లెక్కపెట్టి వెళ్ళేది.

అక్యాబ్, చిట్టగాంగ్, కలకత్తా, అక్కణ్ణుంచి రైలు. ఉగాది ముందు భీమిలి దగ్గర మా ఊరు చేరింది. నెల తిరక్కుండానే, 1942 ఏప్రిల్ 6న, విశాఖపట్నం మీద, కాకినాడ మీద అదే జపాన్ బాంబులు! పట్నం ఖాళీ అయి మూటలతో, బళ్ళతో జనం పల్లెల మీద పడ్డారు. మా ఇంటి అరుగు నిండిపోయింది. వాళ్ళంతా ఏడుస్తుంటే అమ్మ ఏమీ అనకుండా పెద్ద గుండిగ పొయ్యి మీద పెట్టి నీళ్ళు కాచిందట. రాత్రంతా కాచిందట. ఇది ఊళ్ళో చెప్పుకునేవారు, నేను పెద్దయ్యాక కూడా విన్నాను.

నాన్న ఆషాఢంలో మణిపూర్ వైపు నుంచి వచ్చాడు, ఎముకల గూడు. యుద్ధం అయ్యాక మళ్ళీ రంగం వెళ్ళారు, ఎందుకు వెళ్ళారని అడక్కండి, ఇక్కడ సెంటు భూమి లేదు. నేను అక్కడే పుట్టాను. 1964లో కొట్లు ప్రభుత్వం తీసేసుకుంది, మే నెలలో యాభై, వంద చాట్ల నోట్లు (చాట్ అంటే బర్మా డబ్బు) చెల్లవంది. మా చిన్న కిరాణా కొట్టు పోయింది. ఓడ ఎక్కే ముందు తనిఖీలో అమ్మ చేతి గాజులు తీయించారు. చెంబుని ఎవరూ అడగలేదు.

అప్పుడు మా పేరు "బర్మా కాందిశీకులు". కంచరపాలెంలో బర్మా క్యాంపు అని పేరుందిగానీ, 1942లో ఆ కొండల్లో పోయినవాళ్ళకి ఈ ఊళ్ళో ఒక రాయి ఉందా? నాలుగైదు లక్షల మంది నడిచారంటారు, ఎంతమంది పోయారో సరైన లెక్కే లేదు. అందులో మా అక్క ఒకతె.

అయ్యా, అమ్మా, ఈ హాల్లో మీ ఇంట్లో ఎవరైనా రంగం నుంచి వచ్చినవాళ్ళుంటే చేతులెత్తండి. ఒకటి, రెండు... వెనక ఆ బాబు... తొమ్మిది. తొమ్మిది మంది!

గ్రంథపాలకుణ్ణి అడిగి ఒక లాంగ్ నోటుబుక్కు తీసుకున్నాను, ఆ బల్ల మీద పెట్టాను. మొదటి పేజీలో మా అమ్మ పేరు రాశాను, కింద మా అక్కది. అసలు పేరు చిన్నాన్నకి గుర్తు లేదు, బుజ్జి అనేవారట, అదే రాశాను. మీటింగ్ అయ్యాక తొందరగా వెళ్ళిపోకండి. రెండో వరసలో అమ్మగారూ, ముందు మీరు రండి, మీరు చెప్పండి, నేను రాస్తాను.