లారీ బ్రేకులు ఫెయిలయ్యాయంటే అసలేం ఫెయిలైనట్టు?

(చర్చలో పాల్గొన్నవారు: విజయవాడ ఆటోనగర్‌లో ఎయిర్‌బ్రేకుల పని చేసే మేస్త్రి, విశ్రాంత మోటారు వాహన తనిఖీ అధికారి (ఎంవీఐ), లారీ యజమాని)

యాంకర్: నమస్కారం. ఘాట్‌లో లారీ బోల్తా పడిందంటే మర్నాడు పేపర్లో ఒకటే మాట, బ్రేకులు ఫెయిలయ్యాయని. మేస్త్రి గారూ, ఎయిర్‌బ్రేకులు అలా ఉన్నట్టుండి పోతాయా?

మేస్త్రి: చాలా అరుదండి. గాలి మొత్తం పోతే బండి ఆగాలి గానీ పరిగెత్తకూడదు. వెనక చక్రాల దగ్గర గాలితో బ్రేకు పట్టించే డబ్బాలుంటాయి, చాంబర్లంటాం, వాటిలో గట్టి స్ప్రింగులుంటాయి, వాటిని గాలే నొక్కిపెట్టి ఉంచుతుంది. గాలి దిగిపోతే స్ప్రింగు విచ్చుకుని బ్రేకు పట్టేస్తుంది. ఘాట్‌లో జరిగేది వేరు. ట్యాంకులో 7, 8 బార్ల (బార్ అంటే గాలి ఒత్తిడి కొలత) గాలి నిండుగానే ఉంటుంది. బ్రేకు మాత్రం పట్టదు.

యాంకర్: గాలి ఉండి కూడానా?

మేస్త్రి: స్ట్రోకు, అంటే రాడ్డు కదిలే దూరం, చాలదు. పెడల్ తొక్కితే చాంబర్‌లోంచి రాడ్డు బయటికొచ్చి స్లాక్ అడ్జస్టర్‌ను, అంటే బ్రేకు వదులు సరిచేసే మీటను, తోస్తుంది. అది క్యామ్ అనే ఇరుసును తిప్పితే లైనర్లు, అంటే బ్రేకు పట్టీలు, చక్రంతో తిరిగే డ్రమ్ముకు ఆనుతాయి. 30 టైపు అనే సైజు చాంబర్‌లో రాడ్డు రాగలిగిందంతా కలిపి సుమారు 64 మిల్లీమీటర్లే. లైనరు అరిగేకొద్దీ రాడ్డు ఎక్కువ దూరం రావాలి. 50 దాటిందంటే ఆ చక్రం అడ్జస్ట్‌మెంట్ తప్పినట్టే. డ్రమ్ము చల్లగా ఉన్నంతసేపూ 55 దగ్గర కూడా పడుతూనే ఉంటుంది, అందుకే డ్రైవరుకు తేడా తెలీదు. మొగిలి ఘాట్ లాంటి దిగుడులో బ్రేకు మీదే కాలుంచాడనుకోండి, డ్రమ్ము కాగి పెద్దదై లైనరుకు దూరం జరుగుతుంది. మిగిలిన ఆ 9 మిల్లీమీటర్లూ అక్కడే ఖర్చయిపోతాయి. ఆపైన ఎంత తొక్కినా బలం లైనరుదాకా చేరదు. అప్పటికి లైనరు కూడా మాడి పట్టు పోగొట్టుకుని ఉంటుంది.

యజమాని: ఆటోమేటిక్ స్లాక్ అడ్జస్టర్లు ఉన్న బళ్లకి ఆ బాధ లేదు కదండీ? వాటికవే సర్దుకుంటాయి.

మేస్త్రి: సర్దుకున్నంతకాలం ఇబ్బంది లేదు. సర్దుకోనప్పుడు షెడ్డులో స్పానర్ పెట్టి చేత్తో బిగించి పంపేస్తున్నారే, అక్కడుంది చిక్కు. ఆటోమేటిక్‌ది వదులైందంటే అదే చెడిందన్నా, క్యామ్ బుష్షు అరిగిందన్నా, లైనరు అయిపోయిందన్నా అనుకోవాలి. చేత్తో బిగిస్తే ఆ గుర్తు చెరిగిపోతుంది, లోపం లోపలే ఉంటుంది. ఇక రోడ్డు మీద చేసే వైద్యాలు వేరే. ఒక చాంబర్ లీకైతే ఆ చక్రానికెళ్లే పైపు మడిచి తీగతో కట్టేస్తారు. అప్పుడు ఒక పక్క పట్టి, రెండో పక్క పట్టదు. వానలో గట్టిగా తొక్కితే బండి అడ్డం తిరుగుతుంది. స్ప్రింగు బ్రేకు పట్టేస్తే వెనకనుంచి పొడుగు బోల్టు వేసి స్ప్రింగును బంధిస్తారు. ఆ బోల్టు ఇచ్చింది మెల్లగా షెడ్డుదాకా తెచ్చుకోడానికి. లోడుతో ఊళ్లు తిరగడానికి కాదు.

యాంకర్: బయలుదేరే ముందు డ్రైవరు తనంతట తాను ఏం చూసుకోవచ్చు?

మేస్త్రి: చక్రాలకు చెక్కలు పెట్టి, గాలి నిండాక ఇంజిన్ ఆపి, పార్కింగ్ బ్రేకు వదిలి, పెడల్ పూర్తిగా తొక్కి నిమిషంపాటు అలాగే ఉంచాలి. ట్రెయిలర్ లేని బండికి గాలి మీటరు ముల్లు 0.2 బార్ కంటే ఎక్కువ పడిందంటే ఎక్కడో లీకుంది. తర్వాత పెడల్ పంపు చేస్తూ గాలి దించితే 4 బార్ల చుట్టుపక్కల బజరు మోగాలి. గోల భరించలేక బజరు వైరు పీకేసిన బళ్లున్నాయి మరి. రాడ్డు కొలవడానికి ఇద్దరు కావాలి. గాలి 6, 7 బార్ల మధ్య పెట్టుకుని, బ్రేకు వదిలినప్పుడు చాంబర్ అంచు దగ్గర రాడ్డు మీద సుద్దతో గీత గీసి, తొక్కించి, గీత ఎంత జరిగిందో టేపుతో చూడాలి. కుడి ఎడమల మధ్య తేడా ఉంటే అదీ లోపమే. చివర్లో ట్యాంకు అడుగున వాల్వు లాగి నీళ్లు వదలాలి. నీళ్లతోపాటు నూనె వస్తే కంప్రెసర్ సంగతి చూసుకోవాలి.

యజమాని: చెప్పినంత తేలిక కాదు సార్. లైనర్ల సెట్టు మార్చాలంటే బండి ఒక రోజు ఆగుతుంది. కిస్తీ ఆగదు. ఒరిజినల్ డబ్బాలోనే డూప్లికేట్ సామాను పెట్టి అమ్ముతుంటే మేమెలా పోల్చుకోవాలి?

ఎంవీఐ: డూప్లికేట్ల విషయంలో మీ గోడు నిజమే, బిల్లుతో కొనడం తప్ప దారి లేదు. కిస్తీ సంగతి చట్టం వినదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 190 చూడండి. లోపం తెలిసి నడిపినా, మామూలు జాగ్రత్తతో తెలుసుకోగలిగి కూడా చూడకపోయినా నేరమే. నడపనిచ్చిన యజమానికీ వర్తిస్తుంది. 2019 సవరణ తర్వాత 1,500 రూపాయల దాకా జరిమానా. ఆ లోపంవల్ల ఎవరికైనా గాయమైనా, ఆస్తి నష్టం జరిగినా 3 నెలల దాకా జైలు, లేదా 5,000 దాకా జరిమానా, లేదా రెండూ. నన్నడిగితే ఈ మొత్తాలు ఒక టైరు ధరకు కూడా సరిపోవు.

యాంకర్: టైర్ల మాట వచ్చింది కాబట్టి...

ఎంవీఐ: గాడి లోతు 1.6 మి.మీ. కంటే తగ్గకూడదు. రీబటన్ టైర్లు, అంటే అరిగినవాటికి కొత్త రబ్బరు గాడి వేసినవి, వెనక వేసుకోండి, ముందు వద్దు. ముందుది పేలితే స్టీరింగ్ చేతిలో ఉండదు. జంట టైర్లలో లోపలిదే అసలు సమస్య, వంగి చూసేవాడు లేడు. దాంట్లో గాలి తగ్గితే బరువంతా పక్కదాని మీద పడి అది కాగి పేలుతుంది. సుత్తితో కొట్టి చూస్తే చాలదు, గేజీ పెట్టాలి.

మేస్త్రి: చక్రం విప్పి బిగించాక 50, 100 కిలోమీటర్లు నడిచి నట్లు మళ్లీ బిగించాలి. నట్టు చుట్టూ తుప్పు చార కనిపిస్తే అది కదులుతోందని.

యాంకర్: ఆగి ఉన్న లారీని వెనకనుంచి కారు గుద్దిన వార్తలు కూడా తక్కువేం కాదు.

ఎంవీఐ: అందులోనూ పరికరాల లోపం ఉంది, ఎవరూ అలా రాయరు. వెనక అడ్డంగా ఉండే గార్డు కింది అంచు నేలనుంచి 550 మి.మీ. కంటే ఎత్తులో ఉండకూడదు. ఇసుక రీచ్‌లో తగులుతోందని పైకెత్తి వెల్డింగ్ చేయిస్తారు, లేదా సన్న పైపు పెడతారు. కారు బానెట్ దాని కిందకి దూరిపోతే ఎయిర్‌బ్యాగులు కూడా పెద్దగా కాపాడలేవు, దెబ్బ నేరుగా అద్దం దగ్గర పడుతుంది. రిఫ్లెక్టర్ టేపు వెనక ఎరుపు, పక్కల పసుపు, ముందు తెలుపు. ఫిట్‌నెస్ రోజున కొత్తది అంటిస్తారు, వారానికి బురద. వెనక లైటు వెలగకపోతే బల్బు మార్చి ఊరుకుంటారు గానీ, చాలాసార్లు ఎర్త్ వైరు తుప్పు పట్టి ఉంటుంది.

యజమాని: అన్నీ బాగున్నా ప్రమాదం జరిగితే మావాడు బ్రేకు పట్టలేదంటాడు, పోలీసులు డ్రైవరు తప్పంటారు. ఎవరి మాట నిజమో తేలేదెలా?

ఎంవీఐ: ప్రమాదం తర్వాత ఎంవీఐ బండిని పరిశీలించి రిపోర్టిస్తారు. పైపులు తెగిపోతే బ్రేకు తొక్కి చూడలేం. అప్పుడు లైనరు మందం, డ్రమ్ము మీద మాడిన మచ్చలు, పగుళ్లు, ఒక్కో స్లాక్ అడ్జస్టర్ ఎక్కడుందో చూసి తేల్చాలి.

మేస్త్రి: ఒక్క మాట సార్. క్రేన్ వాళ్లు లాగాలంటే చక్రాలు తిరగాలి, స్ప్రింగులకు బోల్టులు వేస్తారు, అడ్జస్టర్లు వదులు చేస్తారు. స్టేషన్‌కి చేరాక చూస్తే ఆ వదులు ప్రమాదానికి ముందుదో క్రేన్ వాళ్లదో చెప్పలేం. లాగకముందే అక్కడికక్కడే ప్రతి చక్రం దగ్గర అడ్జస్టర్‌కూ చాంబర్ వెనక భాగానికీ ఫొటోలు తీసిపెట్టుకోవాలి.