నేను తప్పు కొట్టిన జవాబు

(పర్లాకిమిడిలోని ఒక ఉన్నత పాఠశాలలో జాతీయ విజ్ఞాన దినోత్సవం నాడు చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, తోటి ఉపాధ్యాయులకు, పాతపట్నం నుంచి శ్రమపడి వచ్చిన తల్లిదండ్రులకు, పిల్లలకు నమస్కారాలు. సర్ సి.వి. రామన్ 1928 ఫిబ్రవరి 28న తన పరిశోధన ఫలితాన్ని వెల్లడించినందుకు గుర్తుగా జరుపుకొనే ఈ రోజున ఆయన గురించి మాట్లాడడమే మర్యాద. అయితే నన్ను పిలిచినవారు ‘ఏ విషయమైనా ఫరవాలేదు మాస్టారూ’ అన్నారు కనుక, 30 ఏళ్లుగా నన్ను నిలవనీయని ఒక చిన్న లెక్కను మీ ముందు విప్పుకొంటాను.

లెక్క మీకు తెలిసినదే. వోల్టేజీని కరెంటుతో భాగిస్తే నిరోధం, గుణిస్తే వాట్లలో సామర్థ్యం. పక్క తరగతిలో ఒడియా మాధ్యమం పిల్లలు ‘ప్రతిరోధ’ అన్నా, మనం ‘నిరోధం’ అన్నా వచ్చే ఓమ్‌లు అవే. ఆనాటి పరీక్షలో నేనిచ్చిన ప్రశ్న: 230 వోల్టులు, 60 వాట్లు అని రాసి ఉన్న బల్బు నిరోధం ఎంత? 60ని 230తో భాగిస్తే కరెంటు సుమారు 0.26 ఆంపియర్, 230ని దానితో భాగిస్తే సుమారు 882 ఓమ్‌లు. తరగతి అంతా అదే రాసింది. ఒక్క పిల్లవాడు మాత్రం ‘65 ఓమ్‌లు, మా ఇంట్లో మీటరు పెట్టి కొలిచాను’ అని రాశాడు. వాళ్ల నాన్న బజారులో రేడియోలు బాగుచేసేవారు. నేను ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టి, సున్నా వేసి, అది చాలదన్నట్టు ‘మీ నాన్న మీటరు కన్నా పుస్తకం పెద్దది’ అని తరగతిలో అన్నాను. అందరూ నవ్వారు. ఆ ఏడాది మళ్లీ ఆ అబ్బాయి చెయ్యి ఎత్తలేదు.

తరవాత ఎన్నో ఏళ్లకు ప్రయోగశాల బీరువా సర్దుతూ అటువంటి పాత ఫిలమెంటు బల్బు ఒకటి దొరికితే, ఊరికే మీటరు పెట్టి చూశాను. ముల్లు 65 దగ్గర ఆగింది. బల్బులోని టంగ్‌స్టన్ తీగ చల్లగా ఉన్నప్పటి నిరోధం అది. వెలుగుతున్నప్పుడు తీగ వేడి 2,000 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది, నిరోధం పదమూడు రెట్ల దాకా పెరుగుతుంది. నా పుస్తకం వెలిగే బల్బును లెక్కించింది, ఆ పిల్లవాడు వెలగని బల్బును కొలిచాడు. ఇద్దరిదీ ఒప్పే. పైగా అతని జవాబులో నా జవాబులో లేని సంగతి ఒకటి ఉంది: స్విచ్ వేసిన తొలి క్షణంలో 230ని 65తో భాగించినంత, అంటే మూడున్నర ఆంపియర్ల కరెంటు పారుతుంది. పాత బల్బులు చాలావరకు స్విచ్ వేయగానే టప్పున పోయేవని మీ ఇళ్లలోని పెద్దవారిని అడగండి.

ఈ సూత్రాన్ని మనకిచ్చిన గేయోర్గ్ ఓమ్ కూడా కొలోన్ నగరంలో బడిపంతులే. వోల్టా ఘటాల, అంటే ఆనాటి బ్యాటరీల, బలం నిలకడగా ఉండక ఆయన కొలతలు చెదిరిపోయేవి. అందుకని రెండు లోహాల అతుకులలో ఒకదాన్ని మరిగే నీళ్లలో, మరొకదాన్ని మంచులో ఉంచి స్థిరమైన వోల్టేజీ పుట్టించి, తీగలు మార్చి మార్చి కొలిచారు. 1827లో పుస్తకం వేస్తే సొంత దేశంలో ఆదరణ కరవైంది. 1841లో లండన్ రాయల్ సొసైటీ కాప్లే పతకం ఇచ్చాకే గౌరవం దక్కింది. ఈ కథను నేను ఏటా పాఠంలో ఎంతో ఆవేశంగా చెప్పేవాణ్ని. ఆ పిల్లవాడికి సున్నా వేసిన ఏడాది కూడా చెప్పాను.

తల్లులకు ఒక మాట. నీళ్లు కాచే రాడ్డులోని నైక్రోమ్ తీగ నిరోధం బల్బులోలాగా మారిపోదు. 1,000 వాట్ల రాడ్డు నిరోధం సుమారు 53 ఓమ్‌లు. ఊరి చివరి ఇంట్లో సాయంత్రం వోల్టేజీ 160కి పడిపోతే దానిలో పారేది 3 ఆంపియర్లు, పుట్టే వేడి 484 వాట్లు. సగానికి సగం కూడా కాదు. మా ఇంట్లో రాడ్డు పాడైందనుకొని రెండోది కొన్నాం, అదీ అంతే. రాడ్డు మార్చకముందు వోల్టేజీ చూడండి. మోటారుకు మాత్రం ఈ భాగహారం పనికిరాదు. వోల్టేజీ పడిపోయినప్పుడు బరువు లాగుతున్న మోటారు ఇంకా ఎక్కువ కరెంటు తీసుకొని కాలిపోతుంది.

ఇక నా సంచిలో ఆ 60 వాట్ల బల్బు, మీటరు ఉన్నాయి. మెయిన్స్ తీగలను పిల్లలెవరూ ముట్టుకోకూడదు, ఆ పని నేనే చేస్తాను. చివరి బెంచీలో కిటికీ పక్కన కూర్చున్న బాబూ, నువ్వు రా. స్విచ్ వేయకముందు అంకె ఎంతో నువ్వే చదివి, బోర్డు మీద రాయి.