ఫాస్టర్ కుటుంబానికి తోడు ఎవరు?

అందరికీ నమస్కారం. దత్తత గురించి అందరికీ తెలుసు కానీ, ఫాస్టర్ కేర్ అనగానే "దత్తతేగా అండీ?" అని అడుగుతారు. రెండూ వేరు. దత్తత తీసుకుంటే బిడ్డ చట్టప్రకారం మీ బిడ్డే. ఫాస్టర్ కేర్‌లో, సొంతింట్లో ఉండే పరిస్థితి లేని పిల్లాడిని బాలల సంక్షేమ సమితి కొంతకాలం మీ ఇంట్లో ఉంచుతుంది, వాళ్లమ్మానాన్నలు బతికే ఉండొచ్చు, పరిస్థితులు చక్కబడితే వెనక్కి వెళ్లిపోవచ్చు కూడా. 2015 బాల న్యాయ చట్టంలోనే దీనికి వీలుంది. 2024లో మార్గదర్శకాలు మార్చాక పెళ్లి కానివాళ్లూ, ఒంటరిగా ఉండేవాళ్లూ దరఖాస్తు పెట్టుకోవచ్చు. చట్టం గురించి ఇంతే, నేనొచ్చింది పిల్లల గురించి మాట్లాడటానికి.

ఇలా వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆరేళ్లు దాటిన పిల్లలు. దెబ్బలు తిన్నవాళ్లుంటారు, తాగొచ్చిన నాన్నని చూసి మంచం కింద దూరినవాళ్లుంటారు, బాలల హోమ్‌ల చుట్టూ తిరిగినవాళ్లుంటారు. అలాంటి పిల్లాడు మీ ఇంటికొచ్చిన కొత్తలో ఎంత బుద్ధిగా ఉంటాడంటే, మీరు చుట్టాలందరికీ ఫోన్ చేసి మరీ చెప్పుకుంటారు. అసలు కథ తర్వాత మొదలవుతుంది. పరుపు కింద ఎండిపోయిన చపాతీలు దొరుకుతాయి, ఎవరు పెట్టారంటే "నేను కాదు" అంటాడు. రాత్రి పక్క తడిపి, ఆ దుప్పటి ఉండచుట్టి బీరువా వెనక తోసేస్తాడు. స్నానానికి రమ్మని కాస్త గట్టిగా పిలిస్తే చాలు, మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుంటాడు.

అప్పుడు ఎవరో ఒకరు అంటారు, "ఎంత చేసినా అంతే, రక్తంలోనే ఉంది" అని. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. రాత్రికి అన్నం ఉంటుందో లేదో తెలియని ఇంట్లో పెరిగిన పిల్లాడు చపాతీ దాచుకోక ఏం చేస్తాడండీ? తిట్టకుండా, వాడికంటూ ఒక డబ్బా ఇచ్చి, అందులో ఎప్పుడు చూసినా మరమరాలో బిస్కెట్లో ఉండేలా చూసుకోవాలి. నెలలు పట్టొచ్చు, కొందరికి ఇంకా ఎక్కువ పట్టొచ్చు.

ఇది ఎవరో చెప్తేనే తెలుస్తుంది. ఎంత మంచి మనసున్న అమ్మకైనా తనంతట తనకి తట్టదు. అందుకే కొన్ని దేశాల్లో ఇలాంటి పిల్లల కోసం కుటుంబాలకి ప్రత్యేకంగా శిక్షణ ఇచ్చి, వాళ్ల వెనక ఒక టీమ్‌ని పెడతారు. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో 1980ల్లో మొదలైన పద్ధతి ఉంది. కేసుల్లో ఇరుక్కున్న టీనేజీ పిల్లల్ని గుంపుగా హోమ్‌లో పడేయకుండా, శిక్షణ పొందిన కుటుంబాల దగ్గర పెట్టారు. టీమ్ వాళ్లు ఆ ఇంటికి తరచూ ఫోన్ చేసి ఇవాళ ఏం జరిగిందో కనుక్కుంటారు, ఏ అర్ధరాత్రయినా వాళ్లకి ఫోన్ చేయొచ్చు, పిల్లాడి సొంత అమ్మానాన్నలకి కూడా పక్కనే శిక్షణ నడుస్తుంది. హోమ్‌లకి పంపిన పిల్లలతో పోల్చి చూస్తే, వీళ్లు మళ్లీ అరెస్టవడం తగ్గింది.

రుమేనియా సంగతి కూడా చెప్పాలి. బుకారెస్ట్‌లో అనాథాశ్రమాల్లోని 136 మంది పసిపిల్లల్ని తీసుకుని, సగంమందికి ఫాస్టర్ కుటుంబాలు చూపించి, ఏళ్ల తరబడి గమనించారు. కుటుంబాల్లోకి వెళ్లిన పిల్లలు తెలివిలోనూ, మనుషులతో కలవడంలోనూ మెరుగ్గా ఎదిగారు, రెండేళ్లలోపు వెళ్లినవాళ్లలో చాలా విషయాల్లో తేడా ఎక్కువ కనిపించింది. ఆ కుటుంబాల్ని గాలికి వదిలేయలేదు, సోషల్ వర్కర్లు వెన్నంటే ఉన్నారు.

మన దగ్గర కేంద్ర ప్రభుత్వ పథకం మిషన్ వాత్సల్య కింద ఫాస్టర్ కేర్‌లో ఉన్న ఒక్కో పిల్లాడికి నెలకి 4000 రూపాయలు ఇస్తారు. కాదనను, అది కావాలి. కానీ పిల్లాడు ఇల్లొదిలి పారిపోయిన రాత్రి, తల బాదుకుంటున్న రాత్రి ఆ అమ్మ ఎవరికి ఫోన్ చేయాలి? పిల్లలు ప్రమాదంలో ఉంటే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 ఉంది, సరే, కానీ ఆ పిల్లాడు తెలిసిన మనిషి, ఆ ఇల్లు తెలిసిన మనిషి ఫోనెత్తాలి. అలాంటి మనిషి లేకపోతే ఆ ఇంటివాళ్లు అలిసిపోయి "మా వల్ల కాదు" అంటారు, పిల్లాడు మళ్లీ హోమ్‌కి వెళ్తాడు, ఈసారి ఎవరినీ నమ్మడు.

జిల్లా బాలల పరిరక్షణ విభాగం వాళ్లు ఇక్కడే ఉన్నారు కాబట్టి వాళ్ల ముందే అడుగుతున్నాను. జిల్లా అంతటికీ ఒకేసారి వద్దు, ముందు కొన్ని కుటుంబాల్ని ఎంచుకోండి. పిల్లాడిని పంపేముందే శిక్షణ ఇవ్వండి, ఒక కౌన్సెలర్ ఫోన్ నంబర్ చేతికివ్వండి, నెలకోసారి ఆ ఇంటివాళ్లు ఊపిరి పీల్చుకునేలా రెండు రోజులు పిల్లాడిని చూసుకునే ఇంకో ఇల్లు ముందే పరిచయం చేయండి. ఇక మీలో ఆసక్తి ఉన్నవాళ్లు ఇవాళే పేరు ఇవ్వాలని లేదు, ముందు ఈ విభాగం వాళ్లతో కూర్చుని మీ అనుమానాలన్నీ అడగండి, కష్టమైన ప్రశ్నలే అడగండి.