చట్టం ఒక్కటే సరిపోదు: అమెరికాలో అబార్షన్ ఫండ్లు ఎలా నడుస్తాయి

హోస్ట్: అందరికీ నమస్తే. ఈసారి అమెరికాలోని అబార్షన్ ఫండ్ల గురించి మాట్లాడుకుందాం. నాతో ఉన్న అక్క ఇక్కడే ఒక ఫండ్‌లో హెల్ప్‌లైన్ వాలంటీర్‌గా పనిచేస్తున్నారు. ఫోన్ చేసేవాళ్ళ గోప్యత కోసం ఏ ఫండో, ఏ ఊరో చెప్పడం లేదు. అక్కా, ముందు అసలు ఫండ్ అంటే ఏంటో చెప్పండి. చాలామంది దాన్ని క్లినిక్ అనుకుంటారు.

గెస్ట్: క్లినిక్ కాదు. మా దగ్గర డాక్టర్లూ ఉండరు, మందులూ ఉండవు. మేం డబ్బు సర్దుతాం, అంతే. అబార్షన్ ఖర్చుకి చేతిలో ఉన్నది సరిపోక ఫోన్ చేస్తే ఎంత తక్కువైందో అంత వేస్తాం, దూరం వెళ్ళాల్సి వస్తే బస్సు టికెట్టో విమానం టికెట్టో తీస్తాం, రాత్రి ఉండాల్సి వస్తే హోటల్ చూస్తాం, ఇంట్లో పిల్లల్ని చూసుకునేవాళ్ళకి ఇవ్వాల్సింది కూడా ఇస్తాం. ఎందుకంటే అబార్షన్ చేయించుకునేవాళ్ళలో సగానికి పైగా అప్పటికే పిల్లల తల్లులు. వాళ్ళకి ఒక రోజు ఊరు దాటడమంటే పనికి సెలవు, ఆ రోజు జీతం పోవడం, పిల్లల్ని ఎవరికో అప్పగించడం, అన్నీ ఒకేసారి మీద పడతాయి.

హోస్ట్: ఒక ఫోన్ వచ్చిందనుకోండి, మొదట్నుంచీ ఏం జరుగుతుంది?

గెస్ట్: నేరుగా ఎత్తడం తక్కువే. వాయిస్‌మెయిల్ పెడతారు, లేదా ఆన్‌లైన్ ఫారం నింపుతారు, మేం తిరిగి చేస్తాం. చేసేముందు వాయిస్‌మెయిల్‌లో మెసేజ్ వదిలితే పర్లేదా అని చూసుకుంటాం, ఎందుకంటే ఆ ఫోన్ భర్త చేతిలోనో అమ్మ చేతిలోనో ఉండొచ్చు. తర్వాత అడిగేవి కొన్నే ప్రశ్నలు. అపాయింట్‌మెంట్ ఎప్పుడు, ఎన్నో వారం, క్లినిక్ ఎంత చెప్పింది, నీ దగ్గర ఎంత ఉంది. ఎందుకు చేయించుకుంటున్నావని అడగం. చాలామంది మేం అడక్కుండానే చెప్పడం మొదలుపెడతారు, తప్పు చేసినట్టు సంజాయిషీ ఇస్తారు, అది వింటే నాకు చాలా బాధేస్తుంది. నువ్వు నాకేమీ చెప్పక్కర్లేదమ్మా, డబ్బు లెక్క ఒక్కటి చూసుకుందాం అంటాను.

హోస్ట్: ఆ లెక్క ఎలా ఉంటుంది?

గెస్ట్: ఉదాహరణకి చెప్తున్నా, ఇది ఏ ఒక్కరిదీ కాదు. క్లినిక్ 650 డాలర్లు చెప్పింది, ఆదాయం తక్కువని 100 తగ్గించింది, ఆవిడ దగ్గర 200 ఉన్నాయి. ఇంకా 350 కావాలి. మా ఫండ్ 200 ఇస్తుంది, ఇంకో ఫండ్‌ని అడిగి మిగతా 150 తెస్తాం. ఆ డబ్బు ఆవిడ చేతికి ఇవ్వం. ఇంత మేం కడతాం అని క్లినిక్‌కి ప్లెడ్జ్ పంపిస్తాం, తర్వాత వాళ్ళు మాకు బిల్లు వేస్తారు. మొదటి మూడు నెలల్లో అయితే మామూలుగా ఐదారు వందల డాలర్ల దాకా అవుతుంది. వారాలు గడిచేకొద్దీ పెరిగి వేలల్లోకి వెళ్తుంది. అసలు కష్టమంతా ఇక్కడే ఉంది చూడు. డబ్బు కూడబెట్టడానికి రెండు వారాలు ఆగితే, ఆ రెండు వారాల్లో ఖర్చు పెరిగిపోతుంది, మళ్ళీ కూడబెట్టాలి, ఈలోపు దగ్గర్లో ఉన్న క్లినిక్ ఇన్ని వారాలు దాటితే మేం చేయలేం అంటుంది. నిషేధం లేని రాష్ట్రంలో కూడా ఆడమనిషి ఇలా ఇరుక్కుపోతుంది.

హోస్ట్: పేదవాళ్ళకి మెడికెయిడ్ అని ప్రభుత్వ ఆరోగ్య బీమా ఉంటుంది కదా అక్కా, అది కట్టదా?

గెస్ట్: కట్టకూడదనే కదా హైడ్ సవరణ తెచ్చింది. 1976లో ఇల్లినాయ్ నుంచి కాంగ్రెస్‌లో, అంటే అమెరికా పార్లమెంటులో ఉన్న హెన్రీ హైడ్ పెట్టాడు. అబార్షన్ హక్కని సుప్రీంకోర్టు చెప్పింది 1973లో, మూడేళ్ళకే పేదవాళ్ళకి ఆ హక్కు అందకుండా డబ్బు దగ్గర అడ్డం కొట్టారు. అది శాశ్వత చట్టం కూడా కాదు, ఏటా బడ్జెట్ బిల్లుకి తగిలిస్తూ వస్తున్నారు. ప్రాణాపాయం, అత్యాచారం లాంటి కొన్ని సందర్భాల్లో తప్ప ఫెడరల్ డబ్బు వాడకూడదు. 1980లో సుప్రీంకోర్టు 5-4 తీర్పుతో అది సరేనంది. కొన్ని రాష్ట్రాలు సొంత డబ్బుతో కడతాయి, చాలా రాష్ట్రాలు కట్టవు.

రోజీ హిమెనెజ్ గురించి ఇక్కడ చెప్పి తీరాలి. టెక్సస్‌లో మెకాలెన్ అనే ఊరు, సరిహద్దు దగ్గర. ఆవిడకి 27 ఏళ్ళు, చిన్న కూతురు, టీచర్ అవ్వాలని చదువుకుంటోంది. హైడ్ అమల్లోకి వచ్చిన కొద్ది నెలలకే, 1977 అక్టోబర్‌లో, తక్కువ డబ్బుకి చేసేవాళ్ళ దగ్గరికి వెళ్ళి ఇన్‌ఫెక్షన్‌తో చనిపోయింది. పర్సులో 700 డాలర్ల స్కాలర్‌షిప్ చెక్కు ఉంది. చదువు డబ్బు ముట్టుకోలేదు. అబార్షన్ అప్పుడు చట్టబద్ధమే, సరైన డాక్టర్లూ ఉన్నారు. నేను ఈ పని ఎందుకు చేస్తున్నానని ఎవరైనా అడిగితే ఆ చెక్కు గురించే చెప్తాను.

హోస్ట్: (కాసేపు ఆగి) ఈ ఫండ్లు అప్పట్నుంచీ ఉన్నాయా?

గెస్ట్: అక్కడా ఇక్కడా మొదలయ్యాయి. చికాగో అబార్షన్ ఫండ్ 1985 నుంచి ఉంది. 1993లో అన్నీ కలిసి ఒక జాతీయ నెట్‌వర్క్ అయ్యాయి, ఇప్పుడు అందులో వంద దాకా ఉన్నాయి. కొన్నిట్లో జీతానికి పనిచేసేవాళ్ళున్నారు, కొన్ని మొత్తం వాలంటీర్లే. అంతకుముందు, అబార్షన్ చట్టబద్ధం కాని రోజుల్లో, చికాగోలోనే జేన్ అని ఆడవాళ్ళ బృందం ఉండేది. 1969 నుంచి 1973 దాకా సుమారు 11,000 అబార్షన్లు జరిపించారు. చివరికి తామే నేర్చుకుని చేసి ఖర్చు వంద డాలర్లకి, అంతకన్నా తక్కువకి దించారు. 1972లో పోలీసులు ఏడుగురిని పట్టుకెళ్తుంటే, వ్యాన్‌లో కూర్చుని పేషెంట్ల వివరాలున్న కార్డులు ముక్కలు చేసి నమిలి మింగారు. ఇప్పుడు మేం వివరాలు వీలైనంత తక్కువ రాసుకోవడం, పని అయ్యాక చెరిపేయడం కూడా ఆ భయంతోనే.

హోస్ట్: భయం అంటే గుర్తొచ్చింది, టెక్సస్ సంగతేంటి?

గెస్ట్: 2021 సెప్టెంబర్‌లో ఎస్‌బీ8 అనే చట్టం వచ్చింది. ఆరు వారాల తర్వాత అబార్షన్‌కి సాయం చేసినవాళ్ళ మీద ఎవరైనా సరే కేసు వేయొచ్చు, గెలిస్తే కనీసం 10,000 డాలర్లు. సాయం అంటే ఖర్చు కట్టడం కూడా. 2022 జూన్ 24న డాబ్స్ తీర్పు వచ్చాక, అంటే అబార్షన్ రాజ్యాంగ హక్కు కాదని, రాష్ట్రాలు నిషేధించుకోవచ్చని సుప్రీంకోర్టు చెప్పాక, అక్కడి ఫండ్లు డబ్బివ్వడం ఆపేశాయి, వాలంటీర్లని జైల్లో పెడతారేమోనన్న టెన్షన్. 2023 ఫిబ్రవరిలో ఒక ఫెడరల్ జడ్జి, వేరే రాష్ట్రానికి వెళ్ళేవాళ్ళకి సాయం చేస్తే ప్రాసిక్యూట్ చేయకుండా కొంత అడ్డు వేశాడు, అప్పుడు మళ్ళీ మొదలుపెట్టారు. ఆ మధ్యలో ఫోన్ చేసినవాళ్ళకి ఏం చెప్పి ఉంటారో తలుచుకుంటేనే కష్టంగా ఉంటుంది.

హోస్ట్: డాబ్స్ తర్వాత డొనేషన్లు విపరీతంగా వచ్చాయి కదా?

గెస్ట్: వరదలా వచ్చాయి. కోపంతో ఇచ్చారు, మంచిదే, ఆ డబ్బుతోనే ఆ తర్వాతి ఏడాది నెట్‌వర్క్‌లోని ఫండ్లు కలిసి లక్షమందికి పైగా సాయం చేశాయి. కానీ కోపం చల్లారింది, ఫోన్లు తగ్గలేదు. పైగా మనిషికి అయ్యే ఖర్చు పెరిగింది, ముందు గంట ప్రయాణం చేసేవాళ్ళు ఇప్పుడు రెండు రాష్ట్రాలు దాటాలి. దేశవ్యాప్తంగా క్లినిక్ ఖర్చులో సగం దాకా భరించే ఒక పెద్ద ఫండ్ 2024 జూలైలో దాన్ని 30 శాతానికి తగ్గించింది. మిగతాది మాలాంటి చిన్నవాళ్ళ మీద పడింది. మాకు వారానికి ఇంత అని ఉంటుంది. సోమవారం లైన్ తెరిస్తే వారం సగం కూడా కాకుండా అయిపోయిన సందర్భాలున్నాయి. అప్పుడు ఫోన్ చేసి, సోమవారం దాకా ఆగగలవా అని అడగాలి. ఆగితే ఖర్చు పెరుగుతుందని నాకూ తెలుసు, ఆవిడకీ తెలుసు.

అందుకే నేను అందరికీ ఒకటే చెప్తాను. తీర్పు వచ్చిన రోజు 500 డాలర్లు ఇచ్చి ఊరుకునేకంటే నెలనెలా 20 ఇవ్వండి. నెలకి ఎంత వస్తుందో ముందే తెలిస్తే వచ్చే నెల ఫోన్ చేసేవాళ్ళకి ఎంతివ్వగలమో ఇప్పుడే మాటివ్వొచ్చు.

హోస్ట్: నాకు ఒక అనుమానం. ఇలా చందాలతో ఎన్నాళ్ళు? ప్రభుత్వం చేయాల్సిన పని కదా ఇది?

గెస్ట్: కచ్చితంగా ప్రభుత్వం పనే. అందుకే మంచి ఫండ్లు చందాలతో ఆగవు, రాజకీయంగా కూడా పట్టుబడతాయి. ఇల్లినాయ్‌లో చాలా ఒత్తిడి తెచ్చాక, 2017లో రిపబ్లికన్ గవర్నర్ చేతే సంతకం పెట్టించారు, 2018 జనవరి నుంచి అక్కడ మెడికెయిడ్ అబార్షన్‌కి కడుతోంది. దాంతో ఆ రాష్ట్రం వాళ్ళకి పెట్టాల్సిన చందా డబ్బు బయట్నుంచి వచ్చేవాళ్ళకి మిగులుతోంది. కార్బన్‌డేల్ చూడు, దక్షిణ ఇల్లినాయ్‌లో చిన్న కాలేజీ ఊరు. డాబ్స్ తర్వాత మెంఫిస్‌లోని క్లినిక్ ఒకటి అక్కడ కూడా తెరిచారు, ఎందుకంటే టెనెస్సీలో, మిసిసిపీలో నిషేధం, న్యూ ఆర్లీన్స్ నుంచి చికాగో వెళ్ళే రైలు ఆ ఊళ్ళో ఆగుతుంది. క్లినిక్ ఎక్కడ పెట్టాలి, రైలు ఎన్నింటికి దిగుతుంది, స్టేషన్ నుంచి ఎవరు తీసుకెళ్తారు, ఇదంతా ఎవరో కూర్చుని ఆలోచించిన పని.

హోస్ట్: ఇప్పుడు పోస్టులో మాత్రలు వస్తున్నాయి కదా, ఫండ్ల అవసరం తగ్గదా?

గెస్ట్: కొందరికి తగ్గింది, మంచిదే. డాక్టర్లని వేరే రాష్ట్రాల కేసుల నుంచి కాపాడే చట్టాలున్న రాష్ట్రాల డాక్టర్లు నిషేధం ఉన్నచోటికి కూడా పంపడం మొదలుపెట్టారు, ఖర్చు క్లినిక్ కంటే బాగా తక్కువ. కానీ మందులకి అనుమతిచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ ఆ మాత్రకి చెప్పింది 10 వారాల దాకానే. ఆలస్యంగా తెలిసినవాళ్ళు, వేరే జబ్బులున్నవాళ్ళు, ఇంట్లో ఆ కవరు విప్పే వీలు లేనివాళ్ళు, వీళ్ళంతా క్లినిక్‌కే వెళ్ళాలి. మాకు వచ్చే ఫోన్లలో అలాంటివే ఎక్కువవుతున్నాయి, ఒక్కోదానికి ఖర్చూ ఎక్కువే.

హోస్ట్: చివరిగా, డబ్బు ఇవ్వలేని వాళ్ళు ఏం చేయొచ్చు?

గెస్ట్: ముందు మీ రాష్ట్రంలో ఉన్న ఫండ్ ఏదో చూడండి, కొత్తగా సొంతది పెట్టకండి, ఉన్నవాళ్ళకే మనుషులు చాలడం లేదు. కారుంటే డ్రైవర్‌గా చేరొచ్చు. వివరాలు సరిచూసి, ట్రైనింగ్ ఇచ్చాకే పంపిస్తారు. ఇంగ్లీష్ కాక ఇంకో భాష వస్తే ఇంకా మంచిది, ఇంగ్లీష్‌లో ఈ మాటలు చెప్పలేక ఫోన్ పెట్టేసేవాళ్ళు ఉన్నారు. ఇవేవీ కుదరకపోతే వారానికి ఒక సాయంత్రం బిల్లులు సరిచూసే పని అడగండి. క్లినిక్ బిల్లుకీ మా ప్లెడ్జ్‌కీ తేడా వస్తే కూర్చుని పట్టుకోవాలి, మా దగ్గర ఇప్పుడు దానికే మనిషి లేరు.