పిల్ల నోరు తెరుస్తలేదంటే ఇంగ్లీష్ వస్తలేదని కాదు

(చిన్న రూము, కింద చాపలు, గోడకు బోర్డు, పక్కన ఒక గుడ్డ సంచి)

నమస్తే అందరికీ. మాది నల్లగొండ, గడియారం సెంటర్ నుంచి జర లోపటికొస్తే ఒక ఇంటి మీద అంతస్తుల రెండు రూములు, గదే మా ఇంగ్లీష్ క్లాసు. సాయంత్రం బడి ఇడిసినంక అయిదేండ్ల నుంచి ఎనిమిదేండ్ల పిల్లలు వస్తరు, ఒక్కో బ్యాచ్‌ల పన్నెండు మంది కంటే ఎక్కువ తీసుకోను. మీ ఊర్ల గిట్లనే చిన్నగ ఒక క్లాసు పెడ్దామనుకునే టీచర్ల కోసం ఈ వీడియో చేస్తున్న, పిల్లల్ని పంపే అమ్మానాన్నలు గూడ చూడాలె.

నెల తిరగకముందే అందరు అడిగే మాట ఒకటుంటది. "మేడం, మావాడు ఇంట్ల ఒక్క ముక్క ఇంగ్లీష్ మాట్లాడ్తలేడు, ఏం నేర్పుతున్నరు?" చుట్టాలు వచ్చినప్పుడు "ఏదీ బిడ్డా, ఇంగ్లీష్‌ల రెండు మాటలు చెప్పు" అంటరు, వాడేమో అమ్మ కొంగు పట్టుకొని ఎనకకు దాక్కుంటడు. పోయినేడు ఒక పాపని గిట్లనే నెల రోజులకే మాన్పిచ్చిండ్రు, నాకు ఇప్పటికీ బాధనే, ఎందుకంటే ఆ పాపకు నేను చెప్పేది అర్థమైతున్నదని నాకు తెలుసు, "పుట్ ద బ్యాగ్ అండర్ ద టేబుల్" అంటే సక్కగ టేబుల్ కిందనే పెడ్తుండె, మీద పెట్టకపోతుండె. అంటే "అండర్" చెవికి ఎక్కింది, నోటికి ఇంకా రాలే, గంతే. కొత్త భాష విన్న చిన్నపిల్లలల్ల చానామంది గిట్ల కొన్నాళ్లు మాట్లాడకుంట ఉంటరు, దీన్ని సైలెంట్ పీరియడ్ అంటరు, కొందరికి వారాలు కొందరికి నెలలు పడ్తది. అప్పుడు వాళ్లని "చెప్పు, చెప్పు" అని సతాయిస్తే ఉన్న ధైర్యం గూడ పోతది.

మరి మాట్లాడకపోతే క్లాసుల ఏం చేపియ్యాలె? ఒంటితోని జవాబు చెప్పియ్యాలె. జేమ్స్ ఆషర్ అని అమెరికాల ఒక సైకాలజీ ప్రొఫెసర్ 1960లల్ల దీని మీద పని చేసిండు, టోటల్ ఫిజికల్ రెస్పాన్స్ అని పేరు పెట్టిండు. పేరు పెద్దగున్నది గని మన ఇండ్లల్ల రోజూ జరిగేదే. ఇంకా మాటలు రాని పిల్లను "గా చెంచ పట్కరా" అంటే పట్కొస్తది కద, "తాతకు టాటా చెప్పు" అంటే చెయ్యి ఊపుతది కద, గదే.

నేను మొదటి పది నిమిషాలు గిదే చేస్త. "స్టాండప్. టచ్ ద వాల్. జంప్ టు ద డోర్." మొదట నేనే చేసి చూపిస్త, తెలుగుల అర్థం చెప్పను. మూడో రోజు చేతులు ఎనకకు కట్టుకొని నిలబడి ఉత్త మాటనే అంట, అప్పుడు తెలుస్తది ఎవరు మాట విని చేస్తున్నరో, ఎవరు పక్కోన్ని చూసి చేస్తున్నరో. పక్కోన్ని చూసి చేసినా తప్పులేదు, వాళ్లకు ఇంకో వారం కావాలె.

(సంచి చేతిలోకి తీసుకొని)

ఇగ ఈ సంచి. దీంట్ల ఒక బత్తాయి, స్టీలు గ్లాసు, దువ్వెన, తాళంచెవి, కొంచెం పత్తి. మా దిక్కు బత్తాయి తోటలకు పేరు కద, పిల్లలు రోజూ చూసేది అది, అందుకే చార్టు మీద బొమ్మలు పక్కకు పెట్టి చేతికి తెలిసిన వస్తువులే తెస్త. పిల్ల చూడకుంట లోపట చెయ్యి పెట్టాలె, నేను "ఈజ్ ఇట్ హార్డ్? ఈజ్ ఇట్ సాఫ్ట్? ఈజ్ ఇట్ రౌండ్?" అని అడుగుత, తల ఊపినా చాలు.

పానగల్లు దిక్కుకెళ్లి ఒక అయిదేండ్ల పిల్ల వస్తది, వాళ్ల తాత సైకిల్ మీద తీస్కొస్తడు. రెండున్నర నెలలు నోరు తెరవలే. ఒకరోజు సంచిల నుంచి గ్లాసు తీస్తుంటె చెయ్యి జారి ఠంగుమని పడ్డది, బత్తాయి గూడ దొర్లుకుంట తలుపు దాక పోయింది, అందరు ఒక్కసారి సప్పుడు చెయ్యలే, అప్పుడు ఈ పిల్ల "మేడం, ఇట్ ఫాల్!" అన్నది. నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. "ఫాల్ కాదు, ఫెల్ అనాలె" అని నేను అనలే. "యెస్! ఇట్ ఫెల్!" అని సంబురంగ అన్న. ఆమె అన్న మాటనే సరైన తీరుల ఎనకకు ఇచ్చిన, ఆమె తప్పు చేసినట్టు ఆమెకు తెల్వదు, సరైన మాట మాత్రం చెవుల పడ్డది. టీచర్లూ, గీ ఒక్కటి అలవాటు చేసుకోండ్రి, ఎర్ర పెన్నుతోని కాని పని దీనితోని అయితది.

ఇప్పుడు అక్షరాల సంగతి. తెలుగుల "క" అక్షరం పేరు గూడ క, సప్పుడు గూడ క. అందుకే మన పిల్ల "క, ల, ము" అని కలిపితే "కలము" వస్తది. ఇంగ్లీష్‌ల "సి, ఏ, టి" అని ఎంత గట్టిగ కలిపినా "సియేటి" అనే వస్తది గని "క్యాట్" రాదు. అక్షరాలు 26, సప్పుళ్లేమో దాదాపు 44. డబ్ల్యూ పేరుల డబ్ల్యూ సప్పుడే లేదు! పిల్లకు గందరగోళం కాకపోతే ఏమైతది? అందుకే ఏబీసీడీ వరుస పక్కకు పెట్టి ఎస్, ఏ, టి, ఐ, పి, ఎన్ అనే ఆరు అక్షరాల సప్పుళ్లు ముందు నేర్పుత. ఆరింటితోనే స్యాట్, పిన్, ట్యాప్, న్యాప్, టిన్, యాంట్ చదివేస్తరు.

(చిన్న అద్దం చూపిస్తూ)

"ఫ్యాన్" అనమంటే పెదాలు రెండు కలిపి "ప్హ్యాన్" అంటరు, ఎందుకంటే మన "ఫ" పెదాలతోని పుడ్తది, ఇంగ్లీష్‌దేమో పైపండ్లు కింది పెదవి మీద ఆనిచ్చి గాలి ఇడిస్తే వస్తది. ఒక్కొక్కరికి అద్దం ఇస్త, పండ్లు కనబడాలె, "ఫ్‌ఫ్‌ఫ్" అని సాగదీయాలె. సాగితే సరిగ్గ వచ్చినట్టు, "ప" అయితే సాగదు కద. బస్సు, బుక్కు, పెన్ను సంగతి గూడ అంతే, మన తెలుగు మాటలు చానా మట్టుకు అచ్చుతోని ఆగుతయి కాబట్టి నాలుక దానంతటదే "ఉ" చేరుస్తది. "బస్" అనంగనే పిడికిలి మూయమంట, చెయ్యి మూసుకుంటె నోరు గూడ ఆగుతది.

ఎనిమిదేండ్ల బ్యాచ్‌కు ఇంకో ఆట ఉన్నది. ముగ్గురు పిల్లలు నిలబడ్తరు, ఒకరు "నేను" అనే మాట, ఒకరు "అన్నం", ఒకరు "తింట". "నేను అన్నం తింట". ఇప్పుడు ఇంగ్లీష్ అన్న అంటే "తింట" పట్టుకున్నోడు ఉరికొచ్చి నడుమల నిలబడాలె, "ఐ ఈట్ రైస్". నడుమలకు ఉరికినోడు మళ్ల జన్మల "ఐ రైస్ ఈట్" అనడు. గ్రామర్ పుస్తకం తెరవకుంటనే పని అయితది.

క్లాసుల తెలుగు మాట్లాడితే ఫైన్ వేసేటోళ్లు ఉన్నరు, అది నాకు అస్సలు నచ్చదు. దెబ్బ తగిలితే, కడుపు నొస్తే, భయమైతే పిల్ల తెలుగులనే చెప్పాలె. 2022-23 నుంచి సర్కారు బడులల్ల ఇంగ్లీష్ మీడియం పెట్టినప్పుడు గూడ పుస్తకాలు ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీష్ అచ్చేసిండ్రు కద.

అమ్మానాన్నలు ఇంటికాడ "ఏం నేర్చుకున్నవ్" అని అడగకండ్రి. "క్లోజ్ ద డోర్", "బ్రింగ్ ద ప్లేట్" అనండ్రి, చేస్తే చాలు. లేకుంటే పిల్లనే టీచర్ని చేసి, పిల్ల చెప్పినట్టు మీరు చెయ్యుండ్రి. ఆ పానగల్లు పిల్ల వాళ్ల తాత మొన్న సైకిల్ స్టాండ్ ఏసుకుంట చెప్పిండు: "మేడం, పొద్దుందాక స్టాండప్, సిడ్డౌన్ అంటది, కూసుంటె లేపుతది, లేస్తె కూసోబెడ్తది. నిన్నయితే టచ్ యువర్ నోస్ అన్నది, ముక్కు పట్టుకున్న. కరెక్టేనా?"