కొట్టంలో కెమెరా: పాడిపశువు జబ్బును ముందే గుర్తించడం

(దృశ్యం: దేవరకొండ దగ్గరి ఒక పల్లె. మేత నుంచి సాయంత్రం తిరిగివస్తున్న ఆవులు, బర్రెలు.)

పాడిపశువుకు జబ్బు చేసిన సంగతి చాలా ఇళ్లలో పాలు తగ్గినప్పుడే తెలుస్తుంది. అప్పటికే అది ముదిరి ఉంటుంది. అంతకు ముందు నుంచే పశువు నడకలో, పడుకునే తీరులో, మేత దగ్గర నిలిచే సమయంలో మార్పు కనిపిస్తూ ఉంటుంది. నల్లగొండ, పాలమూరు రైతులకు ఆ గుర్తులు కొత్త కాకపోయినా, పొలం పనిలో ఉన్న మనిషి రోజంతా కొట్టంలో కూర్చోలేడు. ఆ లోటును కెమెరా తీర్చగలదు.

(దృశ్యం: పక్కనుంచి తీసిన ఆవు నడక. వెన్ను మీద, కాళ్ల మీద చుక్కలు.)

గిట్ట నొప్పి ఉన్న ఆవు నడిచేటప్పుడు వీపును విల్లులా వంచుతుంది, అడుగులు కురచగా వేస్తుంది. పశువైద్యులు ఈ కుంటును 1 నుంచి 5 వరకు అంకెలతో కొలుస్తారు. 1 అంటే చక్కని నడక, 5 అంటే కాలు మోపలేని స్థితి. కంప్యూటర్ వీడియోలో వెన్ను, భుజం, మోకాలు, గిట్టలను చుక్కలుగా గుర్తించి, అడుగు అడుగుకూ అవి ఎలా కదిలాయో లెక్కిస్తుంది. ఏది కుంటో దానికి ఎవరూ సూత్రం రాసి ఇవ్వరు. వైద్యులు స్వయంగా చూసి అంకె వేసిన ఎన్నో వీడియోలను చూపిస్తే, ఏ కదలికకు ఏ అంకె పడిందో పోల్చుకుంటూ అదే నేర్చుకుంటుంది.

ఆరోగ్యంగా ఉన్న పాడి ఆవు రోజులో సుమారు 10 నుంచి 12 గంటలు పడుకుంటుంది. పైకప్పు కెమెరా ఈ సమయాన్ని ఒక్కో పశువుకు విడివిడిగా నమోదు చేసి, దాని పాత అలవాటుతో పోల్చి, తేడా వస్తే ఫోన్‌కు సందేశం పంపుతుంది.

వేడిని చూసే థర్మల్ కెమెరా పొదుగు వాపును పసిగట్టగలదు, ఎందుకంటే వాచిన భాగం పైచర్మం వేడెక్కుతుంది. అయితే మన ఎండాకాలంలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. ఎండలో నిలిచిన ఆవు చర్మం జబ్బు లేకుండానే కాలుతుంది, చెరువులో పడుకుని వచ్చిన బర్రె చర్మం జబ్బు ఉన్నా చల్లగా తోస్తుంది. అందుకే తెల్లవారుజామున, పొదుగు తుడిచి ఆరిన తరువాత తీసిన చిత్రాన్నే నమ్మాలి. అప్పుడు కూడా అది హెచ్చరిక మాత్రమే. పాలను పరీక్షించి జబ్బును నిర్ధారించవలసింది వైద్యుడే.

(దృశ్యం: మసక వెలుతురు కొట్టంలో రెండు నల్ల బర్రెలు.)

మన ప్రాంతానికి సంబంధించిన అసలు చిక్కు ఇది. ఈ పరిశోధనల్లో ఎక్కువ భాగం నలుపు తెలుపు మచ్చల హోల్‌స్టీన్ ఆవుల మీద, వెలుతురు బాగా ఉన్న పెద్ద డెయిరీల్లో జరిగింది. మచ్చలను బట్టి ఆవును పోల్చుకోవడం నేర్చిన యంత్రం, నిలువెల్లా నల్లగా ఉన్న మన బర్రెల ముందు తడబడుతుంది. దీనికి దారి లేకపోలేదు: ముట్టె మీది గీతలు, ఉబ్బులు మనిషి వేలిముద్రల మాదిరి ఏ పశువుకు ఆ పశువువే కనుక, దగ్గరి ఫోటోతో గుర్తుపట్టవచ్చు. కానీ మన బర్రెల నడకను, మన కొట్టాల వెలుతురును యంత్రానికి చూపించే వీడియోలు ఇక్కడే తీయాలి, వాటికి అంకెలు మన పశువైద్యులే వేయాలి. ఈ పని జరగకుండా కొన్న కెమెరాకు పెట్టిన డబ్బు దండగ అని నా దృఢమైన అభిప్రాయం.

రెండు మూడు బర్రెలున్న ఇంటికి కొట్టం నిండా కెమెరాలు అవసరం లేదు. చదునైన నేల మీద పశువును నిదానంగా నడిపించి, పక్కనుంచి ఫోన్‌తో తీసిన వీడియోను వారానికొకటి దాచిపెడితే, నడక మారిన రోజున పశువైద్య సేవల 1962 నంబరుకు ఫోన్ చేసి పిలిపించిన వైద్యుడికి పాతదీ కొత్తదీ పక్కపక్కన చూపించవచ్చు.